గని మూతబడ్డాక ఆ నీళ్ల పూచీ ఎవరిది?

గోదావరి డెల్టాలో కూర్చుని గని నీళ్ల గురించి రాయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. ఎంత తవ్వినా ఒండ్రు తప్ప మరొకటి తగలని నేల ఇది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు ముక్కల బ్యారేజీ, దాని కింద పది లక్షల ఎకరాల ఆయకట్టు, వేసవిలో కాలువలు కట్టేసేలోగా నింపుకునే మంచినీళ్ల చెరువులు. ఇక్కడి బతుకంతా కాలువ నీటి మీదే. అయితే ఆ బ్యారేజీ దాకా వచ్చే నది రామగుండం, భూపాలపల్లి, మణుగూరు బొగ్గు బెల్టు వెంబడే నడిచి వస్తుంది. ఇల్లెందు ప్రాంతంలో 1871లో విలియం కింగ్ బొగ్గు ఆనవాలు పట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది. నూట ముప్పై ఏళ్లకు పైగా తవ్వుతున్న చోట బొగ్గు అయిపోయి వదిలేసిన గనులు ఉండకుండా ఎలా ఉంటాయి? వాటి నిండా నీళ్లుంటాయి.

ఆ నీళ్లను ఏం చేయాలన్న ప్రశ్న మీద ప్రపంచంలో చాలా పని జరిగింది. దాన్నంతా ఒకసారి తిరగేసి చూస్తే నాకు రెండు సంగతులు తేలాయి. పాఠ్యపుస్తకాల్లో కనిపించే గని నీరు వేరు, మన గోదావరి లోయ గని నీరు వేరు. పుస్తకం చూసి మందు తెస్తే డబ్బు దండగ. రెండోది, శుద్ధి చేసే విద్య కొత్తదేమీ కాదు, దొరక్క కూర్చున్నదీ కాదు. దొరకనిది పూచీదారు. యంత్రం పదేళ్లకు అరిగిపోతుంది, కంపెనీ ఇరవై ఏళ్లకు లేచిపోతుంది, నీళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి.

ముందు పుస్తకంలోని నీటి సంగతి. గని నడిచినన్నాళ్లూ పంపులు నడుస్తాయి. సంపులో చేరిన నీటిని ఎప్పటికప్పుడు పైకి తోడేస్తారు. దాంతో గని గోడలకు, కూలిన పైకప్పు రాళ్లకు గాలి తగులుతూ ఉంటుంది. ఆ రాళ్లలో పైరైట్ అనే ఖనిజం ఉంటే చిక్కు మొదలవుతుంది. ఇత్తడిలా మెరిసే ఈ ఖనిజంలో ఉండేది ఇనుము, గంధకం. గాలి, తేమ తగిలితే అది సల్ఫ్యూరికామ్లం కింద మారుతుంది. ఆమ్లంతో పాటు ఇనుము కరుగుతుంది. కరిగిన ఇనుము ఆక్సిజన్ పట్టుకుని మరో రూపానికి మారి, మళ్లీ పైరైట్ మీదే పడుతుంది. ఈ రెండో మెట్టు మామూలుగా చాలా నిదానం. దాన్ని లక్ష రెట్లకు మించి పరుగెత్తించే బ్యాక్టీరియా ఉందని 1947లో అమెరికాలో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు గని నీటిలోనే పట్టుకున్నారు. ఇనుమే దాని తిండి, ఆమ్లమే దాని ఇల్లు. పంపులు ఆపేసిన రోజు నుంచి నీటిమట్టం లేస్తుంది, అన్నేళ్లుగా గోడల మీద పేరుకున్న ఆమ్ల లవణాలన్నిటినీ కడిగి తనలో కలుపుకుంటుంది. అందుకే మూసిన గని నుంచి తొలి ఏళ్లలో వచ్చే నీరే అన్నిటికన్నా చెడ్డది.

ఎంత చెడ్డదో చెప్పడానికి కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ చాలు. అక్కడ భూగర్భంలో దొరికిన నీటికి పీహెచ్ సున్నా కన్నా దిగువకు, మైనస్ 3.6 దాకా వెళ్లింది. బ్యాటరీ ఆమ్లం దాని ముందు చాలా మెతక. మోంటానా రాష్ట్రం బ్యూట్ పట్టణంలో 1982లో రాగి గని పంపులు ఆపేశారు. బర్క్‌లీ పిట్ అనే ఆ గుంట నిండుతూ వచ్చింది. 1995లో వలస దారిలో దిగిన మంచు బాతులు 342 అందులో చచ్చి తేలాయి. 2003లో శుద్ధి కేంద్రం కట్టారు. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ తగరం గనిని 1991లో మూశారు. ఏడాది తిరక్కుండానే, 1992 జనవరిలో, కోట్ల లీటర్ల ఎర్రటి నీరు ఫాల్ నది ముఖద్వారంలోకి కట్ట తెంచుకుని పోయింది. 2015 ఆగస్టు 5న కొలరాడోలోని గోల్డ్ కింగ్ గనిలో జరిగిన ఘోరం మరీ చిత్రం. పాత గని నోరు తెరిచి నీటి సంగతి చూద్దామని వెళ్లిన అమెరికా పర్యావరణ సంస్థ వాళ్ల చేతుల మీదుగానే కోటి లీటర్లకు పైగా నీరు బయటపడి, అనిమాస్ నది పసుపు రంగు తిరిగింది.

ఇక మందు. అన్నిటికన్నా పాతది, నేటికీ నమ్మకమైనది సున్నమే. నీటిలో ఆమ్లతను సున్నపురాయి లెక్కలో కొలిస్తే, ఒక కిలో ఆమ్లతకు 740 గ్రాముల తడి సున్నం సరిపోతుంది. ఓ బకెట్టులో పలచని టీ రంగు గని నీరు తీసుకుని సున్నపు తేట పోస్తూ కలిపితే ముందు ఆకుపచ్చ నీలి మబ్బులా ఒకటి కమ్ముతుంది. కాసేపు గాలి తగిలేలా చిలికితే అది నారింజ రంగుకు తిరిగి, దూదిపింజల్లా ముద్దలు కట్టి, అడుగున మడ్డిగా దిగుతుంది. పైన తేట నీరు. ప్లాంటులో జరిగేదీ ఇదే, కాకపోతే తొట్లు పెద్దవి. అసలు తలనొప్పి ఆ మడ్డి. అందులో నూటికి తొంభై ఐదు పాళ్లకు పైగా నీరే. లారీలకు ఎత్తి పోయాలన్నా, చెరువు తవ్వి దాయాలన్నా నీటినే మోస్తున్నట్టు లెక్క. దిగిన మడ్డిని మళ్లీ సున్నంతో కలిపి మొదటి తొట్టిలోకే తిప్పితే కొత్త ముద్దలు పాత ముద్దల మీద గట్టిగా పేరుకుంటాయి. అప్పుడు ఘనపదార్థం నూటికి ఇరవై పాళ్లు దాటుతుంది. ఈ చిన్న కిటుకు వల్లనే ప్రపంచంలో చాలా ప్లాంట్లు నడవగలుగుతున్నాయి. ఫ్లోరైడు తీయడానికి నాగపూర్ నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతి గుర్తున్నవారికి ఇది కొత్తగా అనిపించదు. అక్కడా పటిక, సున్నం, అడుగున మడ్డి. ఊళ్లలో అది వెనకబడిపోయిన కారణాల్లో ఆ మడ్డి కూడా ఒకటి.

సున్నం, కరెంటు, మనుషులు లేకుండా పని జరిపించే దారులూ ఉన్నాయి. నేలలో కాలువ తవ్వి సున్నపురాయి ముక్కలు నింపి, గాలి చొరకుండా పైన బంకమట్టి కప్పి, అందులోంచి గని నీటిని పంపుతారు. గాలి ఎందుకు చొరకూడదంటే, చొరితే ఇనుము తుప్పుగా మారి రాయి చుట్టూ చిప్ప కడుతుంది, రాయి ఇక కరగదు. నీటిలో అల్యూమినియం ఉంటే ఈ ఏర్పాటు కొద్ది నెలల్లోనే పూడుకుపోతుంది. మరో దారి చిత్తడి నేల. కొల్లేటి ప్రాంతపు వాళ్లకు జమ్ము, కిక్కిస గురించి చెప్పక్కర్లేదు. ఆ మొక్కలే నీటి నడక తగ్గించి, వేళ్ల దగ్గర తుప్పు దిగేలా చేస్తాయి. దిగువన మగ్గిన పేడ, ఊక, ఆకు చెత్త పొరలో గాలి లేని చోట బతికే బ్యాక్టీరియా సల్ఫేటును సల్ఫైడు కింద మార్చి లోహాలను పట్టేస్తుంది.

దీనికి ఎంత స్థలం కావాలో మన లెక్కలో చూద్దాం. సెకనుకు 10 లీటర్ల నీరు, లీటరుకు 20 మిల్లీగ్రాముల ఇనుము అనుకుందాం. రోజుకు 8,64,000 లీటర్లు, అందులో 17 కిలోల పైచిలుకు ఇనుము. చదరపు మీటరు చిత్తడి నేల రోజుకు 10 గ్రాముల ఇనుమును పట్టగలదన్నది అమెరికా అనుభవం మీద వాడే లెక్క. అంటే 1,728 చదరపు మీటర్లు, సుమారు 43 సెంట్లు. అదే ఇనుము 200 మిల్లీగ్రాములైతే నాలుగెకరాల ముప్పై సెంట్లు. అదీ నీటిలో ఆమ్లత లేకపోతేనే. మన దగ్గర ఎకరం ధర తెలిసినవాడు ఈ పద్ధతిని 'ఉచితం' అనడు. వీల్ జేన్‌లో ముందు చిత్తడి నేలలే ప్రయత్నించారు. ఆ నీటి ధాటికి అవి చాలవని తేలి, 2000లో సున్నపు ప్లాంటుకే వచ్చారు. నీటి తత్వం చూడకుండా పద్ధతి మీద మోజు పడితే ఇదే ఫలితం.

ఇక సల్ఫేటు దగ్గర సున్నం కూడా చేతులెత్తేస్తుంది. సున్నంతో కలిసి సల్ఫేటు జిప్సంగా దిగుతుంది గానీ, జిప్సం కరిగే హద్దు వల్ల లీటరుకు 1,500 నుంచి 2,000 మిల్లీగ్రాముల సల్ఫేటు నీటిలోనే మిగిలిపోతుంది. మన తాగునీటి ప్రమాణం 200, వేరే దిక్కు లేకపోతే 400. అక్కణ్ణుంచి రివర్స్ ఆస్మాసిస్ మొదలవుతుంది. దక్షిణాఫ్రికాలో ఎమలహ్లేని పట్టణానికి 2007 నుంచి బొగ్గు గని నీటినే శుద్ధి చేసి తాగడానికి ఇస్తున్నారు. కానీ వడబోశాక మిగిలే ఉప్పునీటిని ఎక్కడ పోయాలన్నది మళ్లీ మొదటి ప్రశ్నే. బేరియం కలిపి సల్ఫేటును దించే దారి కూడా ఉంది. అప్పుడు అడుగున దిగేది బేరియం సల్ఫేటు, అంటే మన మంగంపేటలో తవ్వి ఎగుమతి చేసే ముగ్గురాయి. అక్కడ గనిలోంచి తీసేదాన్నే ఇక్కడ డబ్బు పోసి నీటిలో తయారుచేయడం అన్నమాట!

ఇప్పుడు మన నీళ్లకు వద్దాం. గోదావరి లోయ బొగ్గులో గంధకం సాధారణంగా నూటికి ఒక పాలు కన్నా తక్కువ. పైగా చుట్టూ రాళ్లలో ఆమ్లాన్ని విరిచే కార్బనేట్లు ఎంతో కొంత ఉంటాయి. అందుకే సింగరేణి గని నీరు ఎక్కువ చోట్ల ఆమ్లం కాదు, తటస్థంగానో కాస్త క్షారంగానో ఉంటుంది. అస్సాంలోని మాకుమ్, మేఘాలయలోని జయంతియా కొండల బొగ్గుకు గంధకం ఎక్కువ. లుఖా నది చలికాలంలో నీలి రంగుకు తిరగడం, 2014 ఏప్రిల్‌లో గ్రీన్ ట్రిబ్యునల్ ఎలుక బొరియల తవ్వకాన్ని ఆపేయడం ఆ కొండల కథ. దాన్ని తెచ్చి మనకు అంటగట్టి భయపెట్టే ఉపన్యాసాలు విన్నాను. వాటితో ఉపయోగం లేదు. అలాగని గోండ్వానా బొగ్గంతా సాధువని కూడా అనలేం. సింగ్రౌలీలో గోర్బీ పాత గుంట నీరు ఆమ్లమే. రామగుండంలో ఒక గని నీరు మంచిదైతే పక్క గని నీరూ మంచిదే అనుకోకూడదు. గని గనికీ పరీక్ష జరగాలి.

మన దగ్గర చూడాల్సినవి వేరు. నీటి కాఠిన్యం, సల్ఫేటు, కరిగిన మొత్తం లవణాలు. పేలుడు మందులో అమ్మోనియం నైట్రేటు ఉంటుంది కాబట్టి నైట్రేటు. వర్క్‌షాపుల నుంచి నూనె, బొగ్గు మీది పొరలు తీసి పోసిన ఓబీ గుట్టల నుంచి వానకు జారే మట్టి. వీటిలో మట్టికి తేట తొట్టి, పటిక చాలు. డెల్టాలో చిల్లగింజ అరగదీసి బురద నీరు తేర్చిన తరానికి ఆ సూత్రం తెలిసిందే. కాఠిన్యం, లవణాలు మాత్రం పటికకు లొంగవు. సింగరేణి కాలనీలకు గని నీటిని శుద్ధి చేసి ఇవ్వడం, చుట్టుపక్కల చెరువులకు వదలడం ఎప్పటి నుంచో ఉన్నదే. గని నడిచేటప్పుడు ఇది లాభసాటి ఏర్పాటు. పంపు ఎటూ తిరుగుతోంది, కరెంటు ఖర్చు బొగ్గు ఖాతాలో పడుతుంది. గని మూస్తే పంపు ఆగుతుంది. ఆ నీటికి అలవాటు పడిన చెరువు, దాని కింద పొలం అక్కడితో ఆగిపోతాయి. మూసివేత ప్రణాళికల్లో ఈ లెక్కకు దక్కాల్సిన చోటు దక్కదు.

లోహపు గనులు కూడా మనకు లేకపోలేదు. పల్నాడులో బండ్లమోటు సీసపు గని, కొత్తగూడెం వైపు మైలారం రాగి గని మూతబడ్డాయి. బండ్లమోటు ఖనిజం డోలమైటు రాతిలో ఉంది. ఆ రాయే ఆమ్లాన్ని విరిచేస్తుంది. ప్రకృతి చేసిన ఉపకారం అది. ఇక తుమ్మలపల్లె యురేనియం గని మూతబడలేదు గానీ దాని పాఠం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ ఖనిజాన్ని కరిగించేది క్షారంతో. టెయిలింగ్ చెరువు దిగువ ఊళ్ల బోర్ల గురించి రైతులు చేసిన ఫిర్యాదుల్లో ఉప్పదనం, దెబ్బతిన్న అరటి తోటల సంగతి ఉంది. క్షారపు నీటికి సున్నం మందు కాదని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

నీరు చెడ్డదా మంచిదా అనే ముందు, అది ఎక్కడుందో తెలియాలి. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్ 16న నీరు ఒక్కసారిగా విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. 1975 డిసెంబరు 27న చాస్‌నాలాలో 375 మందిని మింగింది కూడా పాత పనుల్లో నిలిచిన నీరే. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలని బొగ్గు గనుల నిబంధన. ఆ 60 మీటర్లు కొలవడానికి పాత మ్యాపు సరైనదై ఉండాలి. నూరేళ్ల నాటి మ్యాపుల్లో సర్వేయరు చెయ్యి ఎక్కడ జారిందో గని లోపలికి దిగిన వాడికే తెలుస్తుంది. శుద్ధి గురించి మాట్లాడే పర్యావరణ నివేదికల్లో ఈ ప్రమాదం కనిపించదు, భద్రతా నివేదికల్లో నీటి నాణ్యత కనిపించదు. రెండూ ఒకే నీటి గురించే.

ఓపెన్‌కాస్ట్ గుంటలది మరో కథ. తవ్వకం ఆగాక మిగిలే గొయ్యిని బొగ్గు బూడిదతో నింపవచ్చని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ థర్మల్ కేంద్రాలకు దారి చూపింది. గోర్బీ లాంటి ఆమ్లపు గుంటకు క్షారపు బూడిద మందే. మన తటస్థ నీటిలో అదే బూడిద నుంచి బోరాన్, సెలీనియం, ఆర్సెనిక్ జారే వీలుంది. బూడిద తీసేయాలన్న తొందర విద్యుత్ సంస్థది, గొయ్యి పూడ్చాలన్న తొందర గని సంస్థది. ఇద్దరికీ లాభమైన ఒప్పందంలో మూడోవాడైన భూగర్భజలం సంతకం ఉండదు. సింగరేణి మేడిపల్లి గుంటలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్తు ప్రతిపాదన నాకు అంతకన్నా నచ్చింది. గుంటకు ఆదాయం ఉంటే నీటిని చూసుకునే మనిషి కూడా ఉంటాడు. ఒక్క షరతు. రోజూ నీటిమట్టం ఎక్కి దిగుతుంటే గోడలకు రోజూ కొత్త గాలి తగులుతుంది, కాబట్టి ఆ రాతిలో పైరైట్ ఎంతుందో ముందే తేల్చుకోవాలి.

డబ్బు దగ్గరికి వద్దాం. 2009 ఆగస్టులో బొగ్గు మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు ఇచ్చేదాకా బొగ్గు గని మూసివేతకు డబ్బు విడిగా తీసిపెట్టే ఏర్పాటు లేదు. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి 1 లక్ష చొప్పున ఎస్క్రో ఖాతాలో కట్టాలన్నారు. అప్పటి ఆ రేటున వెయ్యి హెక్టార్ల ఓపెన్‌కాస్టుకు 60 కోట్లు. గుట్టలు సర్దడానికి, మొక్కలు నాటడానికి, కంచె కట్టడానికి ఇది పనికొస్తుంది. మూసిన తర్వాత నీటిని గమనించడానికి ఇచ్చిన గడువు కొన్నేళ్లే. బ్రిటన్‌లో 1994లో ఒక ప్రభుత్వ సంస్థను పెట్టి, దేశమంతా 80కి పైగా చోట్ల గని నీటిని శుద్ధి చేయిస్తున్నారు. ఆ గనులు తవ్విన కంపెనీలు చాలావరకు ఇప్పుడు లేవు. ఐరన్ మౌంటెన్‌లో పైరైట్ కరిగిపోవడానికి వేల ఏళ్లు పడుతుందని అంచనా. మన ఎస్క్రోకు ఈ రకం కాలం లెక్క తెలియదు.

దీనికి తోడు రాష్ట్రాల సరిహద్దు ఒకటి. సింగరేణిలో తెలంగాణకు 51, కేంద్రానికి 49 పాళ్లు. దిగువనున్న ఆంధ్రప్రదేశ్‌కు వాటా లేదు, మూసివేత ప్రణాళిక చర్చలో కుర్చీ లేదు. 1980 నాటి బచావత్ ట్రిబ్యునల్ అవార్డు పంచింది టీఎంసీలను. నీటిలో ఏముందన్నది ఆ పంపకంలోకి రాలేదు. అయినా డెల్టా వాళ్లు ఇప్పుడే గుండెలు బాదుకోనక్కర్లేదు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు పారిన నదిలో గని నీటి వాటా ఎంత? వేసవిలో భయం ఉండాలి గానీ, దాళ్వా పంటకు మనం ఎక్కువగా ఆధారపడేది సీలేరు నుంచి వదిలే నీటి మీద. అది శబరిలో కలిసి కూనవరం దగ్గర గోదావరిలోకి వస్తుంది, అంటే బొగ్గు బెల్టు దాటాక. మనకు తెలియకుండా మనల్ని కాస్తున్న ఏర్పాటు ఇది. కాపాడుతోంది కదా అని బొగ్గు బెల్టు కింద నీటి నమూనాలు తీయడం మానుకోవడం తగదు.

డెల్టాకు సొంత గనులు లేవన్నాను గానీ చట్టం అలా అనదు. 1952 గనుల చట్టం చమురు బావిని కూడా గనిగానే లెక్కించింది. కోనసీమలో, నరసాపురం వైపు తవ్విన బావులకు కూడా గనుల భద్రతా శాఖే పెద్ద. పాశర్లపూడి బావి 1995 జనవరి 8న అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. మంట అందరికీ గుర్తుంది, నీటి ఊసు ఎవరూ ఎత్తరు. చమురు, గ్యాసుతో పాటు లోతు నుంచి ఉప్పునీరు వస్తుంది, బావి ముసలిదైన కొద్దీ దాని పాలు పెరుగుతుంది. దీనికి సున్నం, జమ్ము ఏవీ పనిచేయవు. నూనె వేరుచేసి, మళ్లీ అదే లోతుకు ఎక్కించడమొక్కటే తిన్నని దారి. వదిలేసిన బావి గొట్టంలో సిమెంటు బిరడా సరిగ్గా కూర్చుందా లేదా అన్నదే అక్కడ 'శుద్ధి'. పైన మంచినీటి పొర పలచగా, కింద ఉప్పు పొర మందంగా ఉండే నేలలో బిరడా పగిలితే కొబ్బరితోటల యజమానికే ముందు తెలుస్తుంది. రాజానగరం, కోరుకొండ వైపు వదిలేసిన కంకర, గ్రావెల్ గుంటల విషయం ఇంతటిది కాదు. ఆ రాయి నీటిని చెడగొట్టదు, మనం అందులో పోసే చెత్త చెడగొడుతుంది.

నిజంగా మన వాకిట్లోకి వస్తున్నది చింతలపూడి బొగ్గు. గోదావరి లోయ బొగ్గు పొరలు దక్షిణాన చింతలపూడి దాకా పాకాయి. రేచర్ల, సోమవరం, చింతలపూడి పేర్లతో బ్లాకులు కేంద్రం వేలం జాబితాల్లోకి ఎక్కాయి. అక్కడి తమ్మిలేరు నాగిరెడ్డిగూడెం జలాశయం మీదుగా ఏలూరు దాటి కొల్లేరులో కలుస్తుంది. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సది. బొగ్గు లోతుగా ఉంది కాబట్టి భూగర్భ తవ్వకమే జరిగితే పంపు చేయాల్సిన నీరు ఎక్కువ, ఆపేశాక లేచే నీరు కూడా ఎక్కువే. ఒక్క పార కూడా దిగకముందే ఆ మండలాల బోర్లు, చెరువుల నీటిని కనీసం రెండు వానాకాలాలు, రెండు వేసవులు పరీక్షించి పీహెచ్, సల్ఫేటు, ఇనుము, కాఠిన్యం, నీటిమట్టం అంకెలు పంచాయతీ గోడ మీద రాసిపెట్టాలి. తవ్వి తీసిన రాతి కోర్లలో గంధకాన్నీ కార్బనేటునూ కొలిచి ఏది ఎక్కువో చెప్పాలి.  వేలం పాడే కంపెనీ ఇచ్చే బ్యాంకు గ్యారంటీలో మూసిన తర్వాత ముప్పై ఏళ్ల పంపింగు, శుద్ధి ఖర్చు కూడా చేర్చాలని అడగడానికి గ్రామసభకు దొరికే సమయం ప్రజాభిప్రాయ సేకరణ రోజు మాత్రమే. సాధారణంగా ఆ రోజు ఉద్యోగాల మీదే చర్చ అయిపోతుంది.